రాజ్‌దూత్ 350: రేసుకు మార్చిన బండిని మళ్లీ కంపెనీ కొలతలకు తేవడం

మార్చి మొదటి వారం. కాగితాలు, నంబర్లు

యమహా ఆర్‌డీ 350ని లైసెన్సు మీద ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో తయారుచేసింది. అదే రాజ్‌దూత్ 350. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోకు, ఆరు గేర్లు, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 64 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 54 మి.మీ. ముందొచ్చిన హై టార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్, తర్వాతి లో టార్క్ రకానికి 27. మద్రాసు పక్కన షోలవరంలో పాత రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల్లో ఈ బండిదే హవా. ఇప్పుడు తిరుపతిలో మా షెడ్డులో ఉన్నది అలా రేసుకు మార్చిన బండి. ఎయిర్ ఫిల్టరు డబ్బా లేదు, సెంటర్ స్టాండు లగ్గులు (బిగించే చెవులు) కోసేశారు, సైలెన్సర్ల స్థానంలో చేత్తో వెల్డింగు చేసిన ఎక్స్‌పాన్షన్ పైపులు (మధ్యలో ఉబ్బి ఉండే రేసు పొగగొట్టాలు), హెడ్‌లైటు చెవులు మాయం, డైనమో రోటరు కూడా పీకేసి బ్యాటరీ చార్జి మీదే నడిపారు.

స్పానరు పట్టకముందే చేసిన పని: ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు మీద పెన్సిలు రుద్ది అచ్చు తీసి ఆర్‌సీతో పోల్చడం. రేసు బండ్లలో ఇంజను కేసులు పగిలితే వేరే బండివి బిగించేవాళ్లు. నంబరు కలవకపోతే ఎంత బాగా చేసినా రోడ్డు మీదకు రాదు. ఇందులో రెండూ కలిశాయి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను నిబంధన 50 ఏళ్లు దాటిన బండ్లకే కాబట్టి అది దీనికి పనికిరాదు. మామూలు పద్ధతిలో అయిదేళ్లకోసారి రెన్యువలే. ఆర్‌సీలో రాసున్న రంగే వెయ్యాలని కూడా అప్పుడే రాసిపెట్టుకున్నాం.

ఇక ఒక మాట ముందే తేల్చుకోవాలి. ఒరిజినల్ అంటే రంగు, స్టిక్కర్లు, క్రోమియం అనుకునేవాళ్లే ఎక్కువ. మాకు ఒరిజినల్ అంటే పోర్టు (సిలిండరు గోడలో మిశ్రమం, పొగ పోయే రంధ్రం) ఎత్తు, హెడ్డు (సిలిండరు పై మూత) గుంత సీసీ, జెట్టు (కార్బొరేటరులో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రం) నంబరు. బయటికి మెరిసే బండిలో లోపల రేసు పోర్టులు ఉంటే అది ఊళ్లో నడపడానికి పనికిరాదు, కంపెనీ బండీ కాదు.

మార్చి చివర. విప్పడం

ఈ ఇంజను స్క్రూలు జపాను కొలత తలలవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవరు పెడితే మొన పైకి లేచి తల చెడిపోతుంది. మన దగ్గర దొరికే పాత ఆర్‌డీల్లో సగం స్క్రూ తలలు గుండ్రంగా అరిగి ఉండటానికి కారణం ఇదే. జేఐఎస్ (ఆ జపాను కొలత) బిట్టు ఉన్న ఇంపాక్ట్ డ్రైవరు, చిన్న సుత్తి, రాత్రంతా నానిన పెనిట్రేటింగ్ ఆయిలు ఉంటే ఒక్క తల కూడా పోకుండా వస్తాయి. విప్పిన ప్రతి కవరు స్క్రూలను అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, అదే చోట గుచ్చి పెట్టాలి. పొడవులు వేరువేరు. పొడవైనది పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం మరలు చీలిపోతాయి.

కేసులు అడ్డంగా, పై సగం కింద సగంగా విడిపోతాయి. బోల్టుల పక్కన పోతలోనే అంకెలు ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసే, రెండు మూడు దఫాలుగా. విప్పేటప్పుడు దానికి తలకిందులు. కేసుల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి తిప్పితే ఆ గీత గుండా జీవితాంతం ఆయిలు కారుతుంది. ప్లాస్టిక్ సుత్తితో కొట్టడానికి ఇచ్చిన బుడిపెలు ఉన్నాయి, అక్కడే కొట్టాలి.

ఏప్రిల్. బోర్లు, అసలు సమస్య

బారెళ్లు (సిలిండర్లు) బల్ల మీద పెట్టి ఎగ్జాస్టు పోర్టులోకి లైటు వేస్తే ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా కనబడ్డాయి. పోర్టు పై అంచు కంపెనీ పోతలో నున్నగా వంపు తిరిగి ఉండాలి. ఇక్కడ మధ్యలో చదును, మూలల్లో పదును. ఎడమ బారెల్లో ఒకరి చేయి, కుడిదాంట్లో ఇంకొకరి చేయి పడినట్టు రెండు ఆకారాలు కూడా వేరే.

ఎంత కోశారో తెలియాలంటే పోల్చడానికి కోత పడని బారెల్ ఉండాలి. ఒక హై టార్క్ బారెల్ అరువు తెచ్చాం. పోర్టుల పటం తీసే పద్ధతి ఇది: బోరు చుట్టుకొలత 201 మి.మీ. ఆ వెడల్పున గట్టి కాగితం కత్తిరించి చుట్టి బోరు లోపల ఆనించాలి. పై అంచు సిలిండర్ ముఖానికి సమంగా ఉండాలి. వేలికి కొద్దిగా గ్రాఫైటు పొడి రాసుకుని పోర్టు అంచుల వెంట రుద్దితే అన్ని పోర్టులూ కాగితం మీద నల్లగా అచ్చు పడతాయి. బయటికి తీసి పరిస్తే కొలబద్దతో నేరుగా కొలవొచ్చు. కోసిన బారెళ్ల కాగితాలు, కోయనిదాని కాగితం ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనిస్తే తేడా కంటికే కనబడుతుంది. మా బండిలో ఎగ్జాస్టు ఎడమవైపు సుమారు 2 మి.మీ., కుడివైపు అంతకంటే కాస్త తక్కువ పైకి లేచింది.

ఎగ్జాస్టు పోర్టు పైకి లేస్తే అది ముందే తెరుచుకుంటుంది, ఆలస్యంగా మూసుకుంటుంది. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పవరు వస్తుంది, కింద టార్కు చస్తుంది. దానికి సరిపడా పైపులు ఉంటేనే ఆ లాభమైనా ఉండేది. ఈ బోర్లకు కంపెనీ సైలెన్సర్లు పెడితే పైనా పవరు ఉండదు, కిందా ఉండదు. పోర్టును కిందికి దించడానికి ఓవర్‌సైజు బోరు పనికిరాదు. బోరు వెడల్పవుతుంది గానీ పోర్టు ఎత్తు మారదు. మిగిలిన దారి కొత్త స్లీవు.

ఆర్‌డీ బారెల్ అంటే బయట అల్యూమినియం, లోపల పోత ఇనుప స్లీవు. పాత స్లీవును లేతు మీద కోసి తీయించి, కొత్త పోత స్లీవు తిప్పించి, అరువు బారెల్ కాగితాన్ని దాని మీద అంటించి పోర్టులు కోయించాం. బారెల్‌ను 200 డిగ్రీల సెల్సియస్ దాకా ఓవెన్లో వేడిచేసి, స్లీవును ఫ్రీజర్లో పెట్టి దించాలి. దిగిన కొన్ని క్షణాల్లోనే పట్టేస్తుంది కాబట్టి పోర్టులు ఎదురెదురుగా వచ్చేలా ముందే బారెల్ ముఖం మీద, స్లీవు కాలరు మీద గీత పెట్టుకోవాలి. చల్లారేదాకా పైనుంచి బరువు పెట్టి నొక్కి ఉంచాలి, లేకపోతే కాలరు కింద వెంట్రుకంత సందు మిగులుతుంది. బండి నడిచాక స్లీవు ఆ సందులోకి దిగి హెడ్డు గాస్కెట్టు ఊదేస్తుంది. స్లీవు వేశాక ఇంకోసారి వేడిచేసి చల్లార్చిన తర్వాతే బోరింగుకు (స్లీవు లోపలిని పిస్టను కొలతకు కోయడానికి) పంపాలి. అల్యూమినియం సర్దుకోకముందు కొట్టిన బోరు తర్వాత గుండ్రంగా ఉండదు.

బోరింగు చిత్తూరులో చేయించాం. అక్కడి లేతు పెద్దాయనది ఒకటే షరతు: “పిస్టను చేతికిస్తేనే బోరు కొడతానన్నా.” అదే సరైన పద్ధతి. పెట్టె మీద రాసిన సైజును నమ్మకూడదు. స్కర్టు కింది అంచు నుంచి 10 మి.మీ. పైన, గడ్జన్ పిన్నుకు (పిస్టనును కన్‌రాడ్‌కు కలిపే పిన్ను) అడ్డంగా మైక్రోమీటరు పెట్టి ఒక్కో పిస్టను విడిగా కొలిచి, బోరు దానికి 0.05 మి.మీ. ఎక్కువ ఉండేలా హోనింగు (సానరాళ్లతో చివరి నునుపు) చేయించాం. గాలితో చల్లబడే ఇంజను, మే నెల తిరుపతి ఎండ, పైగా ఇప్పటి పిస్టన్ల లోహం పాత యమహా పిస్టన్ల లోహం కాదు. అంతకంటే బిగువు పెడితే వేడెక్కగానే పట్టేస్తుంది.

హోనింగు అయ్యాక ప్రతి పోర్టు అంచుకూ అర మి.మీ. వాలు తీయాలి. బోరింగు షాపుల్లో ఇది ఎవరూ చెయ్యరు, అడిగి చేయించుకోవాలి. పదునైన అంచు రింగును కొరికి విరిచేస్తుంది. ఆ ముక్క ఎగ్జాస్టులోంచి పోతే అదృష్టం, పోకపోతే కొత్త స్లీవు ఒక్క నిమిషంలో పాడు. తర్వాత సబ్బునీళ్లతో, బ్రష్షుతో, తెల్ల గుడ్డకు నలుపు అంటనంతవరకూ కడగాలి. పెట్రోలుతో కడిగితే హోనింగు ఇసుక రంధ్రాల్లోనే ఉండిపోతుంది.

రింగు గ్యాపు బోర్లో పెట్టి ఫీలర్ గేజితో చూశాం, 0.2 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉండాలి. రింగు మీది అచ్చు పైకి, కొనలు పిస్టనులోని చిన్న పిన్నుకు రెండు పక్కలా, పిస్టను మీది బాణం ఎగ్జాస్టు వైపు.

హెడ్లు రెండూ విడివిడిగా ఉంటాయి. రేసుకు వీటిని కూడా చెక్కుతారు. తలకిందులుగా పెట్టి, ప్లగ్గు బిగించి, గ్రీజు రాసిన అక్రిలిక్ పలక మూసి, పలక రంధ్రంలోంచి బ్యూరెట్టుతో పల్చటి ఆయిలు నింపితే గుంత సీసీ తెలుస్తుంది. ఒక్కో సిలిండరు 173.7 సీసీ కాబట్టి గుంతలో అర సీసీ తేడా కూడా కంప్రెషనులో కనబడుతుంది. మా కుడి హెడ్డు చెక్కినది. మందం గాస్కెట్టు వేసి సరిపెట్టే అలవాటు ఉంది, అది వద్దు. పిస్టను అంచుకూ హెడ్డుకూ మధ్య సందు పెరిగి అక్కడి మిశ్రమం సరిగా కాలక నాకింగు మొదలవుతుంది. చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో గాలించి కోత పడని హెడ్డు పట్టాం. బిగించాక పిస్టను మీద గడ్జన్ పిన్ను వరుసలో రెండు పక్కలా సోల్డరు తీగ ముక్కలు పెట్టి ఇంజను చేత్తో తిప్పి, నలిగిన మందం కొలిచాం. రెండు సిలిండర్ల మధ్య 0.1 మి.మీ. లోపే తేడా ఉండాలి.

మే. క్రాంకు, సీళ్లు

క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ప్రెస్సు చేసి కూర్చిన రకం. విడదీసి కొత్త కన్‌రాడ్ సెట్లు వేసి మళ్లీ ప్రెస్సు చెయ్యడం ఇంట్లో పని కాదు. తెచ్చాక వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో మేమే చూశాం, వంకర 0.03 మి.మీ. దాటకూడదు. బేరింగుల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి: బయటి రింగు తిరగకుండా కేసులో కూర్చునే డోవెల్ పిన్ను ఉండే రకం కావాలి. బజార్లో అదే సైజు బేరింగు దొరుకుతుంది గానీ పిన్ను రంధ్రం ఉండదు.

ఈ ఇంజను ప్రాణం సీళ్లలోనే, అంటే క్రాంకు చివరల్లో గాలి, ఆయిలు ఆపే రబ్బరు ఉంగరాల్లోనే ఉంది. ఎడమ సీలు డైనమో వైపు. అది ఎండిపోతే గాలి పీల్చుకుంటుంది, ఎడమ సిలిండరు మిశ్రమంలో పెట్రోలు తగ్గి పల్చబడి పిస్టను పట్టేస్తుంది. కుడి సీలు క్లచ్చు వైపు. అది పోతే గేరు ఆయిలు లాక్కుంటుంది, కుడి సైలెన్సరు నుంచి తెల్ల పొగ, ప్లగ్గు తడి, గేర్‌బాక్సులో ఆయిలు మట్టం తగ్గడం. ఏ వైపు గుర్తు కనబడిందో చూస్తే ఇంజను విప్పకుండానే ఏ సీలో చెప్పేయొచ్చు.

ఇంజను కూర్చాక, ఫ్రేములోకి ఎక్కించక ముందు ప్రెషరు పరీక్ష. ఎగ్జాస్టు, ఇన్‌టేకు నోళ్లకు రబ్బరు షీటు, పైన ఇనుప పట్టీ వేసి మూసి, ఆటోల్యూబు (ఇంజనుకు ఆయిలు అందించే పంపు) పైపుల నోళ్లు బిగించి, ఒక ఇన్‌టేకు పట్టీకి పెట్టిన నాజిల్‌కు పాత బీపీ మిషను రబ్బరు బంతి, గేజి తగిలించాం. గేజి మీద 300 మి.మీ. పాదరసం దాకా ఎక్కించాలి, అంటే 6 పీఎస్‌ఐకి కాస్త తక్కువ. అంతకుమించి పంపు చేస్తే సీళ్ల పెదవులే తిరగబడతాయి. రెండు సిలిండర్ల కింది క్రాంకు గదుల మధ్య ఉన్నది లాబిరింత్ సీలు. దానికి తాకే పెదవి ఉండదు కాబట్టి ఒక వైపు గాలి నెమ్మదిగా రెండో వైపుకు పోతుంది. అందుకే రెండు సిలిండర్లూ ఒకేసారి మూసి పరీక్షించాలి, ఒక్కదాన్నే చేస్తే మంచి ఇంజను కూడా లీకు చూపిస్తుంది.

నిమిషానికి 50 మి.మీ. లోపు పడితే చాలని సాధారణంగా అనుకుంటారు. కొత్త సీళ్లకు మాకు అది చాలదు. ఆరు నిమిషాల్లో మొత్తం అంత పడితే సరే. మొదట ముల్లు చూస్తుండగానే జారింది. సబ్బు నురగ పూస్తే ఎడమ బారెల్ కింది గాస్కెట్టు మూలన చిన్న చిన్న బుడగలు వరుసగా లేచాయి. స్టడ్డు మొదట్లో పాత గాస్కెట్టు పొర ఒక రేకంత మిగిలి ఉంది. గీకి, కొత్త గాస్కెట్టు వేశాక ముల్లు నిలబడింది. ఈ పరీక్ష చెయ్యకుండా స్టార్టు చేసిన టూ స్ట్రోకు ఇంజను మీద మాకు నమ్మకం లేదు.

కేసుల మధ్య సిలికాను గమ్ము వాడొద్దు. పెట్రోలు తగిలితే ఉబ్బి, తీగలా ఊడి ఆయిలు దారుల్లో ఇరుక్కుంటుంది. పెట్రోలు తట్టుకునే, పూర్తిగా ఎండని రకం గమ్ము పల్చగా చాలు.

రీడ్ వాల్వులు (మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చే కవాటాలు): ఉక్కు రేకుల మొనల దగ్గర వెలుతురు కనబడితే 0.3 మి.మీ. దాకా పర్లేదు, దాటితే మార్చాలి. మూలల్లో చీలిక ఉంటే కొలత అక్కర్లేదు, పారేయడమే.

జూన్. ఆటోల్యూబు, కరెంటు

రేసు బండ్లలో ఆటోల్యూబు పంపు తీసేసి పెట్రోల్లో ఆయిలు కలిపేవాళ్లు. మనవైపు రోడ్డు బండ్లలో కూడా చాలామంది పంపును నమ్మక తీసేశారు. కంపెనీ బండి కావాలంటే పంపు ఉండాల్సిందే. అది బాగుంటే కలిపిన పెట్రోలు కన్నా మేలు కూడా, ఎందుకంటే ఇంజను వేగానికీ థ్రాటిలుకూ తగ్గట్టు ఆయిలు ఇస్తుంది. స్లో స్పీడులో పంపు కనీస స్ట్రోకు 0.20 నుంచి 0.25 మి.మీ., షిమ్ములతో (పల్చటి రేకు ముక్కలతో) సరిచెయ్యాలి. థ్రాటిలు కేబులు సర్దేటప్పుడు రెండు కార్బొరేటర్ల స్లైడులు ఒకేసారి లేస్తున్నాయా అని వేలు పెట్టి చూసి, ఆ తర్వాతే పంపు కప్పీ మీది గుర్తును పిన్నుకు కలపాలి. వరుస తప్పితే కార్బొరేటరు సర్దిన ప్రతిసారీ పంపు తేడా వస్తుంది. గాలి వదిలే బ్లీడు స్క్రూ తీసి, బుడగలు ఆగేదాకా పంపును చేత్తో తిప్పాలి. మొదటి రెండు ట్యాంకులకు పంపు ఉన్నా లీటరుకు 20 మి.లీ. టూటీ (టూ స్ట్రోకు) ఆయిలు పెట్రోల్లో కలిపాం.

పాయింట్లు (ప్లగ్గుకు నిప్పు వేళను నిర్ణయించే చిన్న స్విచ్చులు) తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. రోజూ తిరగడానికి అది మంచిదే. ఈ పనికి మాత్రం పాయింట్లే. గ్యాపు 0.3 నుంచి 0.4 మి.మీ. ముందు గ్యాపు, తర్వాతే టైమింగు. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజి బిగించి, పిస్టను పై చివరకు 2 మి.మీ. ముందు, అంటే దాదాపు 20 డిగ్రీల దగ్గర, పాయింటు తెరుచుకోవాలి. రెండు సిలిండర్లకూ విడివిడిగా. ఒకటి సరిగా ఉండి రెండోది ముందుకు జరిగితే, ఆ రెండోది రేణిగుంట రోడ్డు మీద ఎండలో ఫుల్ థ్రాటిల్ దగ్గర పిస్టను తలకు రంధ్రం చేస్తుంది.

ఇది బ్యాటరీ మీద ఆధారపడ్డ ఇగ్నిషన్. పీకేసిన డైనమో రోటరు వెతికి తెచ్చి, బొగ్గులు మార్చి, రెగ్యులేటరు 14.5 వోల్టుల దగ్గర నిలిపాం. బ్యాటరీ 12 వోల్టులు, 5.5 ఏహెచ్. చార్జింగు లేకపోతే లైటేసుకున్న రాత్రి ప్లగ్గులో నిప్పు కూడా బలహీనపడుతుంది.

జూలై. ఫ్రేము, ట్యాంకు, చక్రాలు

స్టాండు లగ్గులు పాత ఫ్రేము చూసి కొలిచి వెల్డింగు చేయించాం. ఒరిజినల్ రంగు కోసం ట్యాంకు ముందు రబ్బరు కూర్చునే చోట చూడాలి. ఎండ తగలని అసలు ఛాయ అక్కడ మిగిలి ఉంటుంది. రంగుకు ఇంతకంటే చెప్పేదేం లేదు, పని తెలిసిన పెయింటరు చేతిలో పెట్టడమే.

ట్యాంకు తుప్పుకు లోపలి కోటింగు వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాలు కలిసిన ఈ20. అది కొన్ని కోటింగులను పొరలుగా లేపి జెట్లలోకి పంపుతుంది. లీటరు నీటికి చెంచాడు వాషింగ్ సోడా కలిపి నింపి, మధ్యలో ట్యాంకుకు తగలకుండా ఇనుప రాడ్డు వేలాడదీసి, బ్యాటరీ చార్జరు ప్లస్ రాడ్డుకు, మైనస్ ట్యాంకుకు ఇస్తే రెండు మూడు ఆంపియర్లతో తుప్పు వదిలిపోతుంది. స్టెయిన్‌లెస్ రాడ్డు మాత్రం వాడకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలోంచి హైడ్రోజను వస్తుంది కాబట్టి ఆరుబయటే చెయ్యాలి. పెట్రోలు పైపు ఇథనాలును తట్టుకునే వైటాన్ రకం వేశాం. బండి నెలరోజులు నిలబడేట్టుంటే ట్యాంకు, ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చెయ్యాలి. ఇథనాలు గాలిలోని తేమను లాగి అడుగున నీళ్లు దింపుతుంది.

ముందు టైరు 3.00-18, వెనక 3.50-18. మన బండికి ముందు డిస్కు రాలేదు, రెండు లీడింగ్ షూల డ్రమ్ము బ్రేకే. స్పోకులు బిగించాకే డ్రమ్మును లేతు మీద తిప్పించాలి, ముందే తిప్పిస్తే స్పోకుల లాగుడుకు మళ్లీ కోడిగుడ్డు ఆకారం వస్తుంది. రెండు కామ్‌లను కలిపే రాడ్డును, రెండు షూలూ ఒకేసారి డ్రమ్మును తాకేలా సర్దితే ఈ బ్రేకు మీద చెప్పే ఫిర్యాదుల్లో సగం పోతాయి.

సైలెన్సర్లే అన్నిటికన్నా కష్టం. కొత్తగా చేసి అమ్మేవి బయటికి అచ్చు అలాగే ఉంటాయి, లోపలి కోను పొడవు వేరు. సన్న తీగను లోపలికి తోసి ఎక్కడ తగులుతుందో కొలిచి, ఒరిజినల్ దానితో పోల్చి కొనాలి. పాత జతే దొరికింది. లోపలి మసి కాస్టిక్ సోడాతో వదిలించాం. ఇది ఇనుముకే. అల్యూమినియం దగ్గరికి ఆ నీళ్లు పోనివ్వకూడదు.

ఆగస్టు. జెట్టింగు, రోడ్డు

కంపెనీ ఫిల్టరు డబ్బా, కంపెనీ సైలెన్సర్లు ఉన్నాకే జెట్టింగు మొదలవుతుంది. రేసులో పెట్టిన పెద్ద మెయిన్ జెట్లు తీసి కంపెనీ సైజు దగ్గర మొదలుపెట్టి, ఈ20 మిశ్రమాన్ని పల్చబరుస్తుంది కాబట్టి ఒక సైజు పైకి వేశాం. ప్లగ్గు బీ8హెచ్ఎస్. రన్నింగ్ ఇన్ (కొత్త భాగాలు సర్దుకునే దశ) ముగిశాక, చంద్రగిరి దాటాక ఖాళీ రోడ్డు మీద, బండి పూర్తిగా వేడెక్కాక, నాలుగో గేరులో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, అలాగే ఇగ్నిషన్ ఆపి క్లచ్చు పట్టి నిలిపి ప్లగ్గులు తీసి చూడాలి. స్లో స్పీడులో ఇంటిదాకా వచ్చి తీస్తే ఆ రంగు అబద్ధం చెబుతుంది. పింగాణీ మొదట్లో, లోపలి చివర గోధుమ ఉంగరం ఉండాలి. తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్టు.

భాకరాపేట ఘాటు దిగేటప్పుడు థ్రాటిలు పూర్తిగా మూసి ఇంజను బ్రేకు మీద వదలకూడదు. మూసిన థ్రాటిలుకు పంపు కనీస ఆయిలే ఇస్తుంది, ఇంజను మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో క్లచ్చు పట్టి థ్రాటిలు కాస్త తిప్పుతుండాలి.

ఇంకా మిగిలిన పని చలికాలానిది. 42 డిగ్రీల ఎండలో గాలికన్నా డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం చిక్కన. ఎండాకాలంలో సరిపోయిన జెట్టు అప్పుడు పల్చన పడుతుంది. ప్రస్తుతం బండి సగం థ్రాటిలు దాటకుండా రన్నింగ్ ఇన్‌లో ఉంది. చలి మొదలవగానే ప్లగ్గులు మళ్లీ చూసి, తెలుపు కనబడితే ఇంకో సైజు జెట్టు వెయ్యాలి. జత పెట్టెలో సిద్ధంగా ఉంది.